కాక లాంగ్ నోట్‌బుక్కు, నా క్యూటీ మ్యాపు: చెరువు ఆయకట్టు యాప్ డైరీ

రోజు 1, శనివారం రాత్రి

ఈ ప్రాజెక్టు ఎందుకు మొదలైందో ముందు రాసుకుంటా, లేకపోతే మూడు నెలలు పోయినంక నాకే గుర్తుండదు. మా ఊరు హనుమకొండ దగ్గర. ఊరి చెరువుకు రెండు తూములు, ఒక మత్తడి, కింద కాక లెక్క ప్రకారం 84 ఎకరాల ఆయకట్టు. ఏ తూము నుంచి ఏ రోజు ఎవరి మడికి నీళ్ళు పోవాలె అనేదంతా మా కాక ఒక లాంగ్ నోట్‌బుక్కుల రాసుకుంటడు, ఏండ్ల నుంచి అదే అలవాటు. నడుమ పేజీల మీద స్కేలు పెట్టి గీసిన మ్యాపు కూడా ఉంది, కాలువ నీలం పెన్నుతోటి, గెట్లు ఎర్ర పెన్నుతోటి, తూముల కాడ ఒక సున్న చుట్టి లోపట ఇంటు మార్కు. పోయిన వానాకాలం ఇల్లు కురిసి ఆ నడుమ పేజీలే తడిసినయి. నీలం ఎరుపు కలిసి వంకాయ రంగైంది.

దసరాకు పోయినప్పుడు చూపించి "కంప్యూటర్ల గీసియ్యరాదు ఇది, నువ్వు గదే కదా చేసేది" అన్నడు. నేను చేసేది బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, మ్యాపుకు దానికి సంబంధం లేదు, గాని కాకకు ఎట్ల చెప్తం. సరే అన్న.

కావాల్సినవి: కాలువలు (గీతలు), పొలాలు (మూసిన ఆకారాలు, ఎకరాలు గుంటలు చూపియ్యాలె), తూములు, మత్తడి, బోర్లు, మోటర్లు (గుర్తులు). మ్యాపును జరపొచ్చు, దగ్గరికి గుంజొచ్చు. ఊళ్ళె నెట్ సరిగ ఉండదు కాబట్టి ఇంటర్నెట్ లేకుండ నడవాలె. కాక ఇంట్ల ఉన్నది 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్, వాళ్ళ బిడ్డ డిగ్రీల కొన్నది. అందుకే వెబ్‌సైట్ కాదు, డెస్క్‌టాప్ యాప్. భాష పైథాన్, పైసైడ్6 (కిటికీలు, బటన్లు చేసే క్యూటీ అనే టూల్‌కిట్టును పైథాన్‌ల వాడనిచ్చే లైబ్రరీ) తోటి, నాకు వచ్చేదే అది.

రోజు 2

ఫోలియం (పైథాన్‌ల మ్యాపు పేజీ తయారుచేసే లైబ్రరీ) తోటి మొదలుపెట్టిన. పది లైన్ల కోడు, మ్యాపు వచ్చేసింది, మార్కర్ పెట్టిన, గీత గీసిన, పొలం గీసిన, గంట కూడా పట్టలే. ఇంత సులువా అనుకుంట వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ని క్యూవెబ్‌ఇంజిన్‌వ్యూ (యాప్ లోపటి బ్రౌజర్ కిటికీ) లో సెట్‌హెచ్‌టీఎంఎల్ తోటి చూపించిన, బాగనే వచ్చింది. తర్వాత ఊరి నక్ష స్కాన్‌ని కింద పరిచి చూద్దామని బొమ్మ కలిపిన, ఇగ అంతే, తెల్ల స్క్రీను. ఎర్రర్ లేదు ఏం లేదు. రెండు గంటలు పోయినంక డాక్యుమెంటేషన్ తెరిస్తే అక్కడనే రాసి ఉంది, సెట్‌హెచ్‌టీఎంఎల్ కి 2 ఎంబీ దాటిన కంటెంట్ ఇస్తే చూపియ్యదని. ఫైల్‌కు రాసి లోడ్ చేస్తే సరిపోతది. ముందు చదవాల్సింది నేనే.

గాని అసలు ఇబ్బంది అది కాదు. ఫోలియం చేసేది ఒకసారి వండి పెట్టే మ్యాపు. మనిషి క్లిక్ చేసుకుంట గీస్తా అంటే ప్రతి చుక్కకు పేజీ మొత్తం మళ్ళ తయారుచేసి లోడ్ చెయ్యాలె. నివేదికకు మంచిది, గీసే పనికి కాదు.

ఆ వారం నడుమ

ఫోలియం కింద ఉండేది లీఫ్‌లెట్ అనే జావాస్క్రిప్ట్ మ్యాపు లైబ్రరీ కదా, నేరుగా దాన్నే వాడుదామని కూసున్న. లీఫ్‌లెట్ ఫైళ్ళు లోకల్‌గ పెట్టి, గీసే పనికి జియోమన్ ప్లగిన్ వేసి, పైథాన్‌కి జావాస్క్రిప్టుకి నడుమ క్యూవెబ్‌ఛానల్ కట్టిన. దెబ్బలు రెండు తగిలినయి. పేజీ లోడ్ కాకముందే రన్‌జావాస్క్రిప్ట్ పిలిస్తే అది గాల్లో పోతది, లోడ్‌ఫినిష్డ్ సిగ్నల్ వచ్చినంకనే పిలవాలె. ఇంకోటి మార్కర్ బొమ్మలు విరిగిపోయి కనపడుడు, బేస్ యూఆర్‌ఎల్ ఇయ్యకపోతే పక్క ఫోల్డర్ల ఉన్న బొమ్మ దానికి దొరకదు.

రెండూ సరిచేసినంక నిజం చెప్పాలంటే మస్తుగుంది. గీత గుంజుడు, మూలలు జరుపుడు, తుడుచుడు అన్నీ తయారుగా ఉన్నయి. మీ దగ్గర మంచి మిషన్ ఉండి, యాప్ సైజు పట్టింపు లేకపోతే ఇక్కడనే ఆగిపోండి, నేను తర్వాత చేసింది చెయ్యకండి.

నేను ఎందుకు ఆగలేదంటే క్యూటీ వెబ్‌ఇంజిన్ అంటే లోపట క్రోమియం బ్రౌజర్ మొత్తం ఉంటది. ప్యాక్ చేస్తే వందల ఎంబీ అయింది, కాక ల్యాప్‌టాప్‌ల తెరిస్తే ఫ్యాను విమానం లెక్క సప్పుడు చేసింది, మౌస్ ఒకసారి ఇక్కడ ఒకసారి అక్కడ దుంకుతుంది. "గిది నాకన్న ముసలిదైంది" అన్నడు కాక ల్యాప్‌టాప్‌ని చూసి. సరే, బ్రౌజర్ లేకుండ చేద్దాం. క్యూటీలనే క్యూగ్రాఫిక్స్‌వ్యూ (గీతలు, బొమ్మలు పరిచే కాన్వాసు) ఉంది, వేల వస్తువులు పెట్టినా మొయ్యగలదు. (సీ షార్ప్ వాళ్ళకు జీమ్యాప్ డాట్ నెట్ ఉంది, టీకే వాడేటోళ్ళకు టీకేఇంటర్‌మ్యాప్‌వ్యూ ల మార్కర్, పాత్, పాలిగన్ మూడిటికి తయారు ఫంక్షన్లున్నయి. నాకు గెట్ల మీద కొంచెం పట్టు కావాలె, అందుకే సొంతంగ.)

రోజు 9, 10: టైల్స్

ఇంటర్నెట్ మ్యాపులన్నీ దాదాపు ఒకటే పద్ధతి. భూమిని వెబ్ మెర్కేటర్ అనే లెక్కల చదరంగ పరిచి, 256×256 పిక్సెళ్ళ ముక్కలు చేస్తరు, వాటినే టైల్స్ అంటరు. జూమ్ 0 ల ఒక్క ముక్క, జూమ్ పెరిగినకొద్దీ ప్రతి ముక్క నాలుగైతది, జూమ్ 18 ల అడ్డం 262144, నిలువు 262144. మా ఊరు ఉత్తర అక్షాంశం 18 డిగ్రీల కాడ ఉంటది కాబట్టి జూమ్ 18 ల ఒక పిక్సెల్ నేల మీద 57 సెంటీమీటర్లు వస్తది. అంటే చెరువు కట్ట మీద బండి బాట ఆరేడు పిక్సెళ్ళు. పొలాలకు ఇది చాలు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టైల్ సర్వర్ నుంచి గంపగుత్తగ డౌన్‌లోడ్ చేద్దామన్న ఆశ మొదట పుట్టింది గాని వాళ్ళ పాలసీలనే వద్దని ఉంది, చందాల మీద నడిచే సర్వర్లు, మనం పోయి గుంజుడు పద్ధతి కాదు. అందుకని క్యూజిస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్‌ల చేసిన. పంచాయతీల దొరికిన ఊరి నక్షను స్కాన్ చేసి జియోరెఫరెన్సర్‌ల కట్ట రెండు కొసలు, మత్తడి, గుడి, రోడ్డు మూల మీద పాయింట్లు పెట్టి కూసోపెట్టిన. కింద ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా నుంచి రోడ్లు, చెరువు. మొత్తాన్ని క్యూజిస్‌ల ఉన్న ఎంబీటైల్స్ టూల్ తోటి ఒకటే ఫైలు చేసిన. ఎంబీటైల్స్ అంటే ఎస్‌క్యూలైట్ డేటాబేసే, టైల్స్ అని ఒక టేబుల్, జూమ్, నిలువు వరుస, అడ్డ వరుస, బొమ్మ. పైథాన్‌ల చదువుడు పది లైన్లు. మూలన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కాంట్రిబ్యూటర్స్ అని పేరు పెట్టిన, అది షరతు.

పరిస్తే ఏమైందంటే చెరువు ఊరికి అటుపక్కకు పోయింది. ముక్కలు దేనికది సక్కగనే ఉన్నయి, వరుసలే కింద మీద. ఎంబీటైల్స్‌ల అడ్డ వరుసలు కింది నుంచి లెక్కపెడ్తరు, మిగతా అంతట పై నుంచి. రెండు పవర్ జూమ్‌లకెళ్ళి ఒకటి, వరుస నంబరు తీసేస్తే సరిపోయింది.

తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని. మెర్కేటర్ మీటర్లల్ల పైకి పోతే ఉత్తరం, స్క్రీన్ మీద కిందికి పోతే సంఖ్య పెరుగుతది. సీన్ మొత్తాన్ని స్కేల్‌ల మైనస్ ఒకటి పెట్టి తిప్పేద్దామనుకున్న. తిరిగింది, దాంతోపాటు ప్రతి టైలు, ప్రతి అక్షరం కూడా బోర్ల పడ్డది. తీసేసి, మార్చే ఫంక్షన్‌లనే వై కి మైనస్ పెట్టిన. సున్నా పాయింటుని కూడా మా చెరువు నడుమల పెట్టుకున్న, అప్పుడు సంఖ్యలు చిన్నగుంటయి, డీబగ్ చేసేటప్పుడు కండ్లకు సులువు.

టైల్స్ చదివే పని పక్క థ్రెడ్‌ల చేస్తున్న. అక్కడ క్యూపిక్స్‌మ్యాప్ (స్క్రీన్ మీద గీసే బొమ్మ) చెయ్యొద్దు, అది మెయిన్ థ్రెడ్‌దే. క్యూఇమేజ్ చేసి పంపి, ఇవతల మార్చుకోవాలె. జూమ్‌ని నిండు అంకెలకే కట్టేసిన, నడుమ జూమ్‌లల్ల టైలుకు టైలుకు నడుమ వెంట్రుకంత తెల్ల గీతలు వస్తున్నయి, వాటితోటి కొట్లాడే ఓపిక లేదు.

రోజు 12: గీసే టూల్, దయ్యం చుక్కలు

ఇది ఒక్క సాయంత్రం పని అనుకున్న. నాలుగు రోజులు తిన్నది.

మొదటి బాధ. మ్యాపు జరపనీకె కూడా ఎడమ బటనే, చుక్క పెట్టనీకె కూడా ఎడమ బటనే. పొలం గీసుకుంట నడుమల మ్యాపు కొంచెం పక్కకు గుంజితే అక్కడ ఒక మూల పడిపోతుంది. అందుకని నొక్కినప్పుడు ఏం చెయ్యొద్దు, ఎక్కడ నొక్కిండో గుర్తుపెట్టుకోవాలె అంతే, ఇడిసినప్పుడు దూరం చూడాలె. స్టార్ట్‌డ్రాగ్‌డిస్టెన్స్ అని క్యూటీలనే ఒక లెక్క ఉంది, మామూలుగ 10 పిక్సెళ్ళు, అంతకన్న తక్కువ కదిలితే క్లిక్, ఎక్కువ కదిలితే గుంజుడు. ఇది పెట్టినంక ప్రాణం కుదుటపడ్డది.

రెండోది, గీసుడు ముగియనీకె డబుల్ క్లిక్ పెట్టిన, అన్ని మ్యాపులల్ల గట్లనే ఉంటది కదా. ముగుస్తుంది, గాని ప్రతి పొలం పక్కన ఇంకో ఒంటరి చుక్క మొలుస్తుంది, దేనికీ సంబంధం లేకుండ, పొద్దుగాల లేచి చూస్తే ఫైలు నిండ అవే. ఈవెంట్లన్నీ ప్రింట్ చేసి చూస్తే తెలిసింది, డబుల్ క్లిక్ అంటే క్యూటీకి నాలుగు ముక్కలు: నొక్కుడు, ఇడుసుడు, డబుల్ క్లిక్, మళ్ళ ఇడుసుడు. మూడో దాంట్ల నేను పొలం ముగిస్తున్న, నాలుగో దాన్ని నా కోడు కొత్త క్లిక్ అనుకొని ఇంకో పొలం మొదలుపెడుతుంది. ఒక జెండా వేరియబుల్ పెట్టి ఆ ఆఖరి ఇడుసుడును మింగేసిన.

అయిపోయిందనుకొని ఆదివారం కాకకు చూపిస్తే ఆయనకు డబుల్ క్లిక్కే కొట్టరాదు. మొదటి దెబ్బకు రెండో దెబ్బకు నడుమ చెయ్యి జరుగుతది, లేకపోతే ఆలస్యమైతది, రెండు చుక్కలు పడుతున్నయి. ఇంత తండ్లాడి సరిచేసింది అక్కరకు రాలే. కింద "అయిపోయింది" అని పెద్ద బటన్ పెట్టిన, ఎంటర్ కొట్టినా ముగుస్తది, ఎస్కేప్ కొడితే ఆఖరి చుక్క పోతది. మౌస్ వెంట ఉగులాడే తాత్కాలిక గీత కూడా పెట్టిన, ఆఖరి చుక్క నుంచి మౌస్ దాకా. దీనికి మౌస్‌ట్రాకింగ్ ఆన్ చెయ్యాలె, లేకపోతే బటన్ నొక్కినప్పుడే కదలిక తెలుస్తది. ఆ గీత చూసి కాక "ఆ, ఇప్పుడు తాడు పట్టుకున్నట్టుంది" అన్నడు. పొలాలు కొలిచినోళ్ళు గట్లనే చూస్తరు కావచ్చు.

రోజు 16: నడిచే తూము

జూమ్ చేస్తే కాలువ గీత రోడ్డంత లావైతుంది, దూరం పోతే వెంట్రుక కూడా కనపడ్తలేదు. పెన్నుకు కాస్మెటిక్ అని ఒక గుణం ఉంది, అది పెడితే జూమ్ ఎంతున్నా స్క్రీన్ మీద గీత లావు అంతే. గుర్తులకు ఐటెమ్‌ఇగ్నోర్స్‌ట్రాన్స్‌ఫర్మేషన్స్ అనే జెండా, అదే పని.

గాని గుర్తు పెట్టినంక విచిత్రం. దగ్గరికి పోతే పెద్ద తూము కట్ట మీద ఉంటది, దూరం పోతే మెల్లగ నడుచుకుంట చెరువులకు దిగుతది. బొమ్మ ఎడమ పై మూలను నేను ఆ స్థలం మీద పెట్టిన, పిన్ను మొన కింద నడుమల ఉంది. బొమ్మ సైజు స్క్రీన్ మీద మారదు కాబట్టి, దూరం పోయినకొద్దీ ఆ మూలకు మొనకు నడుమ పిక్సెళ్ళు నేల మీద ఎక్కువ మీటర్లైతయి. బొమ్మను జరిపి మొనను సున్న సున్న కాడికి తెచ్చిన, తూము నిలబడ్డది.

సన్న గీతల మీద క్లిక్ పట్టుడు ఇంకో సతాయింపు. 2 పిక్సెళ్ళ కాలువ మీద కరెక్టుగ మౌస్ పెట్టుడు నాతోనే కాలే, కాకతోటి ఏమైతది. క్యూపెయింటర్‌పాత్‌స్ట్రోకర్ తోటి చుట్టూ కనపడని 12 పిక్సెళ్ళ తొడుగు వేసి, ఐటెమ్ షేప్ ఫంక్షన్‌ల దాన్ని ఇచ్చిన. ఆ 12 ని ఇప్పటి జూమ్ తోటి మీటర్లల్లకు మార్చి ఇయ్యాలె, కాస్మెటిక్ సౌకర్యం ఇక్కడ లేదు. కింద నక్ష టైల్స్, దాని మీద పొలాలు, దాని మీద కాలువలు, అన్నిటి మీద గుర్తులు, జెడ్‌వాల్యూ లు పెట్టేసిన.

రోజు 20: పది గుంటలు ఎక్కడికెళ్ళి వచ్చినయి

ఇది అసలు కథ.

కాక సొంత మడి గీసినం మొదట, నోట్‌బుక్కుల 2 ఎకరాల 10 గుంటలు. యాప్ 2 ఎకరాల 20 గుంటలు అన్నది. కాక ఏం మాట్లాడలే, ఇంకోసారి గీయమన్నడు. గీసిన. అంతే వచ్చింది. పక్కోళ్ళది గీసినం, అది కూడా ఎక్కువే. "పది గుంటలు ఎక్కడికెళ్ళి వచ్చినయిరా, కంప్యూటర్ పండించిందా" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు గాని నాకు చెమట పట్టింది, ఎందుకంటే వెనక కూసున్న ఇంకో ఇద్దరు రైతులు స్క్రీన్ వైపు కొత్తగ చూస్తున్నరు. ఊళ్ళె గెట్టు పంచాయితీలు ఎట్ల మొదలైతయో తెలుసు కదా. "ఇది తప్పు లెక్క, కొలత కాదు" అని మూసేసిన.

రాత్రి కూసొని చూస్తే తప్పు నాదే. షూలేస్ ఫార్ములా తోటి మెర్కేటర్ మీటర్లల్లనే వైశాల్యం లెక్కపెట్టిన. ఆ మీటర్లు నిజం మీటర్లు కావు. భూమధ్యరేఖ కాడ సరిగ ఉంటయి, పైకి పోయినకొద్దీ సాగుతయి, సాగుడు కొసైన్ అక్షాంశానికి తలకిందులు. 18 డిగ్రీల కాడ పొడవు 5 శాతం పైన ఎక్కువ, వైశాల్యానికి రెండు దిక్కుల సాగుతది కాబట్టి దాదాపు 11 శాతం. 2 ఎకరాల 10 గుంటల మీద 11 శాతం అంటే సరిగ్గ ఆ పది గుంటలు. ఆయకట్టు మొత్తం 84 ఎకరాలు 93 దాటేది. గ్రీన్‌లాండ్ పెద్దగ కనపడుడు గురించి బడిల అందరం చదువుకున్నం, అది మన మడికి కూడా వర్తిస్తదని తట్టలే.

సరిచేసుడు రెండు తీర్లు. యూటీఎం (భూమిని పట్టీలుగ కోసి మీటర్లల్ల కొలిచే పద్ధతి) జోన్ 44 కు మార్చి లెక్కపెట్టొచ్చు, 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం నడుమ ఉన్నోళ్ళకు అది, హైదరాబాద్, వరంగల్, విజయవాడ అన్నీ అండ్లనే వస్తయి. అనంతపురం పక్క పోతే జోన్ 43. లేదంటే పైప్రాజ్ అనే లైబ్రరీల జియోడ్ ఉంది, అక్షాంశ రేఖాంశాలు ఇస్తే భూమి గుండ్రం మీదనే వైశాల్యం ఇస్తది, జోన్ గోల లేదు. రెండోది పట్టుకున్న. చదరపు మీటర్లను 4046.86 తోటి భాగిస్తే ఎకరాలు, దశాంశం వెనక వచ్చేదాన్ని 40 తోటి గుణిస్తే గుంటలు. గుంట అంటే 121 గజాలు.

తెల్లారి మొత్తం ఆయకట్టు కూడిక చూస్తే 11 ఎకరాలు వచ్చింది. మళ్ళ ఏమైందిరా అని ఒక్కొక్కటి తెరిస్తే సగం పొలాలు మైనస్‌ల ఉన్నయి. గడియారం తిరిగే దిక్కు గీస్తే జియోడ్ మైనస్ ఇస్తది, ఎదురు దిక్కు గీస్తే ప్లస్, నాకేమో ఒక్కోసారి ఒక్కో దిక్కు చెయ్యి పోతది, ప్లస్సులు మైనస్సులు ఒకదాన్నొకటి తిన్నయి. మైనస్ గుర్తు తీసేసిన.

ఒక్కటి మిగిలింది, ఎకరన్నర పొలం 3 గుంటలు చూపిస్తుంది. దగ్గరికి పోయి చూస్తే ఢమరుకం. మూలలు వరుస తప్పి కొట్టిన, గీతలు నడుమల ఒకదాన్నొకటి దాటినయి, ఒక సగం ప్లస్ ఇంకో సగం మైనస్, తేడా మాత్రమే మిగిలింది. గుర్తు తీసేసినంత మాత్రాన ఇది సరికాదు. షేప్లీ (ఆకారాల లెక్కలు చేసే లైబ్రరీ) ల ఈజ్ వ్యాలిడ్ చూసి, గీతలు దాటితే పొలం ఎర్రగ మెరుస్తది, "అయిపోయింది" బటన్ పని చెయ్యదు ఇప్పుడు.

వారం తర్వాత కాక మడి 2 ఎకరాల 9 గుంటలు. ఆ ఒక గుంట నా చేతి వణుకుది. కాక ఒప్పుకున్నడు. స్క్రీన్ కింద "ఇది గుర్తు కోసం, సర్వే కొలత కాదు" అని రాయించిండు కూడా, అది నాకు తట్టలే.

రోజు 27: గెట్టు ఇద్దరిది

పక్క పక్క పొలాలు గీస్తే నడుమ సన్న సందులు, లేకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కుడు. దూరం నుంచి కనపడదు, దగ్గరికి పోతే అసహ్యం. మొదట స్నాప్ పెట్టిన: మౌస్ 12 పిక్సెళ్ళల్ల ఏదన్నా పాత మూల ఉంటే చుక్క దానికే అతుక్కుంటది, మూల లేకపోతే గెట్టు గీత మీదికి పోతది. 12 మీటర్లు కాదు, 12 పిక్సెళ్ళు. మీటర్లల్ల పెడితే దగ్గరికి గుంజినప్పుడు స్క్రీన్ అవతలి మూలకు కూడా పోయి అతుక్కుంటది, ముందు గట్లనే చేసి తిట్టుకున్న.

అతికినయి, బాగుంది. తర్వాత ఒక మూల కొంచెం జరిపితే ఇటు పొలం జరిగింది, అటు పొలం అక్కడనే ఉంది, మళ్ళ సందు. అదే స్థలంల రెండు వేరే చుక్కలున్నయి కదా ఒకదాని మీద ఒకటి. దీన్ని ఎట్ల సరిచేద్దామని ఫోన్‌ల మాట్లాడుకుంట కాకను అడిగిన, ఊరికెనే. "గెట్టు ఇద్దరిదిరా, ఒకడు జరిపితే ఇద్దరికి జరుగుతది, గెట్టుకు రెండు గెట్లు ఎట్ల ఉంటయి" అన్నడు. డేటా స్ట్రక్చర్ మొత్తం అండ్లనే ఉంది. పొలంల అంకెలు దాచుడు బంద్ చేసి, మూలలన్నీ ఒక టేబుల్ల పెట్టి, పొలం అంటే మూలల నంబర్ల వరుస అని మార్చిన. గీత మీద స్నాప్ అయితే ఆ కొత్త మూల పక్క పొలం వరుసల కూడా దూరుతది. ఇప్పుడు ఒక మూల గుంజితే నాలుగు పొలాలు కలిసి కదుల్తయి.

అది చూపిస్తే మెచ్చుకుంటడనుకున్న. "లాక్ పెట్టు ముందు, పిల్లలు మౌస్ పట్టుకుంటే ఊరంత జరుగుతది" అన్నడు. లాక్ పెట్టిన, క్యూఅండూస్టాక్ తోటి కంట్రోల్ జెడ్ కూడా పెట్టిన.

రోజు 31

కాలువను నక్ష మీద చూసి గీసుడు ఆపి నడిచి పట్టుకున్న, ఫోన్ల జీపీఎక్స్ (నడిచిన దారిని చుక్కలుగ దాచే ఫైలు) రికార్డు పెట్టుకొని పెద్ద తూము నుంచి ఆఖరి మడి దాకా. సెకనుకు ఒక చుక్క, మొత్తం 1500 దాకా వచ్చినయి, ఏపచెట్టు కింద ఎవరో ఆపి మాట్లాడిచ్చినకాడ రెండు వందల చుక్కలు ఉండ కట్టినయి. డగ్లస్-ప్యూకర్ (అక్కరలేని చుక్కలు తీసేసే పద్ధతి) తోటి తగ్గిద్దామని 3 మీటర్ల సడలింపు ఇచ్చిన, కాలువ మొత్తం ఒక్క సరళరేఖ అయింది, రెండే చుక్కలు. నేను ఇచ్చింది 3 డిగ్రీలు. డిగ్రీ అంటే 111 కిలోమీటర్ల దగ్గర, 300 కిలోమీటర్ల సడలింపుకు ఏ కాలువైనా సక్కగనే కనపడ్తది. మీటర్లకు మార్చి చేస్తే 60 చుక్కలు మిగిలినయి, వంకరలు అట్లనే ఉన్నయి.

రోజు 34: పేర్లు

కాక నోట్‌బుక్కుల సర్వే నంబర్లు తక్కువ, పేర్లే ఎక్కువ. చింతచెట్టు మడి, బండ కింది చెల్క, పొడుగు మడి. నక్ష గీతల మీద అక్షరాలు కనపడాలంటే చుట్టూ తెల్ల అంచు కావాలె. క్యూపెయింటర్‌పాత్‌కి అక్షరాలు ఎక్కించి పెన్ను, బ్రష్ రెండూ పెట్టి గీస్తే తెలుగు పూడిపోయింది, మన అక్షరాలల్ల లోపలి సున్నలు, తలకట్లు చిన్నగుంటయి కదా, అంచు లోపటికి కూడా పాకి "బ" లోపట ఏం లేకుంట అయింది. ముందు తెల్ల గీత మొత్తం, దాని మీద నల్ల నింపుడు, ఇట్ల రెండు దఫాలుగ గీస్తే సరిపోయింది. నోటో సాన్స్ తెలుగు ఫాంటు యాప్ తోటే పంపుతున్న.

పేరు ఎక్కడ పెట్టాలె? సెంట్రాయిడ్ (ఆకారం నడిమి చుక్క) కాడ పెడితే కట్ట వెంబడి కొడవలి లెక్క వంగిన పొడుగు మడి పేరు పోయి పక్కోళ్ళ పొలంల పడ్డది. ఎవరి పేరు ఎవరి పొలంల పడితే ఏమైతదో రోజు 20 ల చూసిన కాబట్టి వెంటనే షేప్లీ పాలీలేబుల్‌కి మార్చిన, అది గెట్లకు అన్నిటికన్న దూరమున్న లోపలి చుక్క ఇస్తది.

రోజు 38

సేవ్ చేసుడు జియోజేసన్ (మ్యాపు డేటా రాసే ఫైలు తీరు) ల పెట్టిన, రేపు ఎవరన్నా వేరే సాఫ్ట్‌వేర్ల తెరవాలన్నా పని చెయ్యాలె కదా. క్యూజిస్‌ల వేసి చూస్తే ఊరి మీద ఏం లేదు. పొలాలన్నీ ఎక్కడున్నయని వెతికితే స్వాల్‌బార్డ్‌ల, నార్వే పైన, మంచుల. 18, 79.5 అని అక్షాంశం ముందు రాసిన, జియోజేసన్‌ల రేఖాంశం ముందు రావాలె, 2016ల వచ్చిన దాని ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 7946 ల స్పష్టంగ ఉంది. లీఫ్‌లెట్‌ల అక్షాంశం ముందు, ఆ అలవాటే చేతికి పట్టుకుంది. కాకకు ఆ స్క్రీన్‌షాట్ పంపితే "అక్కడ నీళ్ళకు తక్లీఫ్ ఉండదు" అని వాయిస్ మెసేజ్ పెట్టిండు. పాలిగన్ ఆఖరున మొదటి చుక్కను మళ్ళ రాసి ముయ్యాలె, అది కూడా మరిచిపోయి మళ్ళ కలిపిన.

రోజు 44, ఆదివారం

యాప్ పోయిన వారం కాక ల్యాప్‌టాప్‌ల ఎక్కించి వచ్చిన. ఫ్యాను సప్పుడు లేదు. ఈరోజు పోయి ఫైలు తెరిస్తే కాక సొంతంగ 17 గుర్తులు పెట్టిండు, అన్నిటి పేరు "మోటర్". చిన్న తూము కాడికెళ్ళి రెండు కాలువలు గీసిండు, అవి సరిగనే ఉన్నయి. ఇంకో గీత ఉంది, పేరు లేదు, మత్తడి పక్క నుంచి మూడు పొలాలను అడ్డంగ కోసుకుంట రోడ్డు దాకా పోయింది. స్నాప్ తప్పిందో, ఎస్కేప్ కొట్టుడు మరిచిండో అనుకొని తీసేద్దామని సెలెక్ట్ చేసిన.

"ఆగు, అది తప్పు కాదు" అన్నడు. పాత కాలువట. మిషన్ కాకతీయల చెరువు పూడిక తీసినప్పుడు ఆ మట్టినే పొలాలకు కొట్టుకున్నరు, దాంతోటి అది పూడిపోయింది, ఇప్పుడు దాని మీద నాట్లేస్తరు. నక్షల లేదు, నేను నడిచినప్పుడు కూడా కనపడలే. "గట్టి వాన కొడితే నీళ్ళు ఇప్పటికీ అటే పోతయి, మనకు తెలుసు గాని నీళ్ళకు పూడ్చినమని తెల్వదు కదా" అన్నడు, గీత ఉండాలె, గాని ఉన్న కాలువ లెక్క కనపడొద్దు అన్నడు. నోట్‌బుక్కుల దాన్ని చుక్కలు చుక్కలుగ పెట్టుకున్నడట, తడిసిన పేజీల నాకు కనపడలే.

కాలువకు "ఇప్పుడు లేదు" అని ఒక టిక్ పెట్టి, ఆ టిక్ ఉంటే పెన్నుకు డాష్‌లైన్. రేపు రాత్రి కూసోవాలె.